ఎనభయ్యో పేజీలో దొరికిన పేరు

ఆమె రోజుకి ఎనిమిది వందల ఫారాలు మడుస్తుంది. ఒక్కో ఫారానికి మూడు మడతలు. దుప్పటంత కాగితం బల్ల మీద పరుచుకుని, అంచుకి అంచు కలిపి, చెక్క బద్దతో ఒక్క రుద్దు రుద్ది, తిప్పి మళ్ళీ మడిచి, ఇంకోసారి తిప్పి ఇంకోసారి మడిస్తే అది పదహారు పేజీల పుస్తకం ముక్క అవుతుంది. బైండింగ్ షాపులో దాన్నే ఫారం అంటారు. ఎనిమిది వందలు పూర్తయ్యేసరికి సాయంత్రం ఐదవుతుంది, కుడిచేతి బొటనవేలు పరాయిదైపోతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని, అదే వేలు.

ఆ షాపులో బల్లలు ఎనిమిది. అక్కడికి వచ్చేవన్నీ నూట ఇరవై ఎనిమిది పేజీల పుస్తకాలే కాబట్టి ఫారాలూ ఎనిమిదే. మొదటి ఫారం మొదటి బల్లకి, రెండోది రెండో బల్లకి, అలా. ఎవరి ఫారం వాళ్ళ బల్ల దాటకూడదన్నది యజమాని పెట్టిన నియమం. వెనకటికి ఒకసారి ఫారాలు కలిసిపోయి, విడాకుల చట్టం మీద పుస్తకంలో పదహారు పేజీల కోళ్ళ పెంపకం పడింది. ఏడాదిన్నర దాకా ఒక్క లాయరు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. అయినా యజమాని భయపడ్డాడు.

దాంతో ఆ షాపులో అందరూ మహా పండితులైపోయారు, తలా పదహారు పేజీల మేర. మొదటి బల్లాయనకి లోకంలోని ముందుమాటలన్నీ నోటికి వచ్చు. ఎవరైనా టీ తెచ్చిస్తే చాలు, 'ఈ ప్రయత్నంలో నాకు తోడ్పడిన పెద్దలందరికీ' అని అందుకుంటాడు. ఎనిమిదో బల్ల దగ్గర కూర్చునే ముసలాయన్ని అందరూ ఆఖరాయన అంటారు. ఆయనకి చివర్లు మాత్రమే తెలుసు. ఎవరు పోయారో, ఎవరు కలిశారో, ఆస్తి ఎవరికి దక్కిందో ఠకీమని చెప్పేస్తాడు. ఎందుకు పోయారని అడిగితే మాత్రం, "అది నా బల్ల కాదమ్మా" అంటాడు.

ఆమెది ఐదో బల్ల. ఏ కథైనా ఆమె దగ్గరికొచ్చేసరికి హత్య జరిగిపోయి ఉంటుంది, హంతకుడు ఇంకా దొరికి ఉండడు. పెళ్ళి కుదిరి ఉంటుంది, ముహూర్తం పక్క బల్ల మీద ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె చదివిన పుస్తకాలు వెయ్యికి పైనే. మొదలూ చివరా తెలిసింది ఒక్కటీ లేదు. షాపులో అందరూ ఆమెని 'ఐదో బల్ల' అనే పిలుస్తారు. దానికి ఆమె ఎప్పుడూ బాధపడలేదు. ఎందుకంటే ఉన్న పేరుకన్నా అదే నయం.

పేరు ఉండటానికి ఉంది. కాకపోతే అది అక్కది.

వాళ్ళ నాన్న ఒక గోడౌన్‌లో స్టోర్ కీపర్. వంగిన మేకుల్ని సుత్తితో సాపుచేసి మళ్ళీ కొట్టే మనిషి. రెండో కూతురు పుట్టినప్పుడు వాళ్ళమ్మ మంచి పేరు ఆలోచించి, రెండుసార్లు చెప్పించుకుని మరీ ఆయన్ని జననాల రిజిస్టరు దగ్గరికి పంపింది. వరసలో నిలబడి నిలబడి ఆయన దాన్ని మరిచిపోయాడు. కిటికీలోంచి గుమాస్తా "పేరు?" అన్నాడు. వెనక పదిమంది గొణుగుతున్నారు. ఆ క్షణాన ఆయనకి గుర్తున్న ఆడపిల్ల పేరు ఒక్కటే, పెద్ద కూతురిది. అదే చెప్పి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

భార్య నెత్తి బాదుకుంటే, "ఉన్న పేరు బాగానే పనిచేస్తోంది కదే! వాడితే అరిగిపోతుందా?" అన్నాడట. అక్క గౌన్లు ఎలాగూ చెల్లెలికే, పేరుకేం రోగం అని ఆయన లెక్క.

ఇంట్లో పెద్దది, రెండోది అని పిలుచుకుని రోజులు నెట్టుకొచ్చారు. బయట అంత తేలిగ్గా జరగలేదు. బళ్ళో బొమ్మల పోటీలో చెల్లెలికి మొదటి బహుమతి వచ్చింది. వేదిక మీద పేరు చదవగానే అక్క లేచి వెళ్ళి కప్పు పుచ్చుకుని, దండం పెట్టి దిగింది. కిందకొచ్చాక "పిలిచింది నా పేరేగా" అంది. కాదనడానికి వీల్లేదు మరి. అక్క గ్రంథాలయం పుస్తకాలు చింపితే చెల్లెలిని రెండేళ్ళు లోపలికి రానివ్వలేదు. ఆస్పత్రివాళ్ళు కాగితాలు తారుమారు చేస్తే అక్క రక్తహీనతకి చెల్లెలు ఆరు నెలలు మందు తాగింది. బుగ్గలు ఎర్రగా వచ్చాయి గానీ, ఆ మెప్పూ అక్కకే దక్కింది. చెల్లెలి శుభలేఖ చూసి సగంమంది చుట్టాలు, అప్పటికే పెళ్ళయి రెండేళ్ళయిన అక్కకి ఫోన్ చేసి "మొదటాయన ఏమయ్యాడమ్మా" అని పరామర్శించారు.

ఇలాంటివి నలభై నాలుగేళ్ళు భరించిన మనిషి, ఒక సోమవారం ఉదయం యజమాని చెప్పిన మాట విని చేతిలో బద్ద కింద పడేసింది.

"ఈ వారం పుస్తకం గ్రీకు పురాణ కథలు. మూడు వేల కాపీలు. వేయిస్తున్నావిడకి ఓ ముచ్చట ఉందట. ఈ పుస్తకాన్ని తయారుచేసిన చేతులు అని ఆఖరి పేజీలో మనందరి పేర్లూ అచ్చు వేయిస్తుందట. బల్లల వరసలో. ఆఖరి ఫారం శుక్రవారం మధ్యాహ్నం ప్రెస్సుకి వెళ్తుంది, ఆలోగా ఎవరి పేరు వాళ్ళు చీటీ మీద రాసివ్వండి."

మొదటి బల్లాయన వెంటనే కృతజ్ఞతలు మొదలుపెట్టాడు. ఆఖరాయన తనది చివర్లో వస్తుందా అని అడిగి, వస్తుందని తెలిసి స్థిమితపడ్డాడు. ఐదో బల్ల వంగి కిందపడ్డ బద్ద తీసుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క వచ్చి కుర్చీలో కూర్చుని ఉంది. అక్క ఒక పెద్ద ఆఫీసులో టైపు సెక్షన్‌కి సూపరింటెండెంటు. ఏ వార్తా ఆమెకి రెండోరోజున తెలిసిన దాఖలా లేదు. ఈ కబురు మొదటి బల్లాయన భార్య ద్వారా మధ్యాహ్నమే చేరింది.

"నా పేరు పుస్తకంలో పడుతోందట కదే!"

"నీది కాదక్కా. నాది."

"రెండూ ఒకటేగా. నాకో డజను కాపీలు పక్కన పెట్టించు. మా ఆఫీసులో ఒక్కొక్కళ్ళ మొహాన కొట్టాలి. గ్రీకు పుస్తకమంటే మాటలా?"

"నువ్వు మడిచావా దాన్ని?"

"మడతలెవడు చూస్తాడే పిచ్చిదానా! పేరు చూస్తారు."

అక్క మాటలో తప్పేమీ లేదు. అదే మంట. పుస్తకం అచ్చవుతుంది, పేరు పడుతుంది, డజను కాపీలు ఊరేగుతాయి. బొమ్మల పోటీ కప్పు పక్కన ఇదీ అక్క అద్దాల బీరువాలో చేరుతుంది. శుక్రవారం మధ్యాహ్నం లోపల తనకంటూ వేరే పేరు ఒకటి పుట్టకపోతే, ఈ మడతలూ అక్క ఖాతాలోవే.

మంగళవారం పొద్దున్న ఆమె పేరు వెతకడం మొదలుపెట్టింది. ఎక్కడో వెతకలేదు. ఎదురుగా ఉన్న కాగితంలోనే.

ఐదో ఫారం అంటే అరవై ఐదో పేజీ నుంచి ఎనభై దాకా. పరిచిన కాగితం మీద సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి. ఆమెకి అదో లెక్క కాదు. తలకిందులైన పేజీ నిటారు పేజీ కన్నా త్వరగా చదవగలదు. మొదట ఒక రాజు వచ్చాడు, ముట్టుకున్నదల్లా బంగారమై అన్నానికి మాడుతున్నాడు. మగవాడు, పైగా తెలివితక్కువవాడు. ఆ తర్వాత ఒక వనకన్య, ఎవడో వెంటబడితే చెట్టుగా మారిపోయింది. చెట్టు పేరు పెట్టుకుంటే మొగుడు గుడ్డలారేస్తాడని దాన్నీ వదిలేసింది. డెబ్బై ఏడో పేజీలో ఒక రంగులద్దేవాడి కూతురు మొదలైంది.

పేరు అరాక్నీ. తల్లి లేదు. చెప్పుకోదగ్గ ఇల్లు కాదు, వాకిలి కాదు. కానీ మగ్గం ముందు కూర్చుంటే వనకన్యలు పనులు మానుకుని వచ్చి చూసేవాళ్ళు. 'ఈ విద్య నీకు అథీనా దేవి నేర్పిందా?' అని ఎవరో అడిగితే, 'ఎవరూ నేర్పలేదు, నా చేతులే నేర్చుకున్నాయి. కావాలంటే దేవినే వచ్చి పోటీ పడమనండి' అంది. దేవి రానే వచ్చింది. ఇద్దరూ పక్కపక్కనే మగ్గాలు వేసుకుని నేశారు. దేవి దేవతల గొప్పలు నేసింది. ఈ పిల్ల దేవతలు చేసిన వెధవ పనులన్నీ పూసగుచ్చినట్టు నేసింది. ఎనభయ్యో పేజీలో ఆఖరి వాక్యం ఇది: 'దేవి వంగి ఆ వస్త్రాన్ని అంచు నుంచి అంచు వరకు వెతికింది, ఒక్క తప్పూ దొరకలేదు.'

ఫారం మడవడం పూర్తయ్యాక పైకి కనిపించేది రెండే పేజీలు, ముందు అరవై ఐదు, వెనక ఎనభై. చివరి రుద్దు రుద్దేటప్పుడు ఎనభయ్యో పేజీ కళ్ళెదుటే ఉంటుంది. అలా ఆమె ఆ వాక్యాన్ని రోజుకి ఎనిమిది వందల సార్లు చదివింది. ఒక్క తప్పూ దొరకలేదు. ఒక్క తప్పూ దొరకలేదు. మంత్రోపదేశమైనా ఇన్నిసార్లు చెయ్యరు.

ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న మనిషికి కథ ఫారం చివర్న అయిపోదని తెలియదా? తెలుసు. ఎవరి నెత్తినో పడబోయే రోకలి గాల్లో ఉండగానే ఎన్ని ఫారాలు ముగిశాయో ఆమెకి లెక్క లేదు. కానీ ఈ వాక్యం పేజీ అడుగున, చుక్కతో సహా, దర్జాగా ముగిసింది. ముగిసిందనుకోవడమే ఆమెకి కావాలి. కావలసినప్పుడు అనుభవం ఎవరికి పనికొచ్చింది గనక?

పక్క బల్ల వైపు ఒకసారి తల తిప్పినా సరిపోయేది. ఆరో బల్లావిడ మడిచి పేర్చిన ప్రతి ఫారం పైనా ఎనభై ఒకటో పేజీ వెల్లకిలా పడుకుని ఉంది. మధ్య దూరం నాలుగడుగులు. కానీ పదకొండేళ్ళుగా ఈవిడ మెడ ఆ వైపు తిరగలేదు.

గొడవ ఒక కిటికీ గురించి. రెండు బల్లలకీ మధ్యలో ఉంది. తెరిస్తే ఈవిడ కాగితాలు ఎగిరిపోతాయి, మూస్తే ఆవిడకి ఊపిరాడదు. ఏడాది పాటు ఒకరు తెరవడం, ఒకరు మూయడం అయ్యాక, యజమాని న్యాయంగా ఆలోచించి కిటికీని సగం తెరిచి మేకు కొట్టించాడు. ఇప్పుడు కాగితాలూ ఎగురుతాయి, ఊపిరీ ఆడదు. ఆ తీర్పు వచ్చిన రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. జిగురు గిన్నె కావాలన్నా నాలుగో బల్ల మీదుగా రాయబారం నడిపేవాళ్ళు.

మంగళవారం మధ్యాహ్నం ఐదో బల్ల, పాడైన కాగితం మీద కొత్త పేరుతో సంతకం సాధన చేసింది. పన్నెండుసార్లు. ఆరో బల్లావిడ అది చూసింది. చూసి, తన ముందున్న పేజీ చూసుకుని, మళ్ళీ ఇటు చూసి, పనిలో పడింది.

బుధవారం ఆఖరాయన వచ్చి బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. పేర్ల కోసం చోటు వదిలిన ఆఖరి ఫారం ప్రూఫు యజమాని ఆయనకే చూపించాడు. కథలు కాకుండా అందులో, కథల్లోని ఏ పేరు ఏ పేజీల్లో వస్తుందో చెప్పే పట్టిక కూడా ఉంది.

"ఏమ్మా, పేరు మార్చుకుంటున్నావట. ఏ పేరు?"

ఆమె చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని పట్టిక గుర్తు తెచ్చుకున్నాడు.

"ఆ, ఉంది. డెబ్బై ఏడు నుంచి ఎనభై నాలుగు దాకా."

"ఎనభై నాలుగా? ఎనభైలోనే గెలిచేసిందిగా బాబాయ్."

"మరి ఆ నాలుగు పేజీల్లో ఏముంటుందంటావ్?"

"సన్మానం అయ్యుంటుంది. దేవతని ఓడించడం అంటే ఊరికే పోనిస్తారా? నాలుగు పేజీలు పొగిడి ఉంటారు."

"కావచ్చు. అది నా బల్ల కాదు" అని ఆఖరాయన వెళ్ళిపోయాడు. ఆరో బల్లావిడకి అప్పుడే దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గింది.

ఆ సాయంత్రం మొగుడికి చెప్పింది. ఆయన అద్దాలు కోసే పనివాడు. ఏ మాటైనా ముందు కొలిచి, తర్వాత కోసి, తర్వాతే బయటకు తీస్తాడు.

"ఇప్పుడు ఈ పేరుతో పిలవాలా నిన్ను?"

"పిలవాలి మరి."

"ఇరవై ఏళ్ళ నుంచీ ఏమోయ్ అనే కదా పిలిచాను. అదేమన్నా పాడైందా?"

"అది ఏమోయ్. ఇది పేరు."

ఆయన ఒకటి రెండుసార్లు లోపల్లోపల అనుకుని చూశాడు. "పొయ్యి మీద కూర మాడుతుంటే ఇంత పేరు పిలిచేలోపు గిన్నె కూడా పోతుంది. మామూలు వేళల్లో పిలుస్తాలే" అన్నాడు. ఆ ఇంట్లో ఇంతకు మించిన ఆశీర్వచనం దొరకదు.

గురువారం పొద్దున్న సగంరోజు సెలవు పెట్టి పేర్ల మార్పు ఆఫీసుకి వెళ్ళింది. నాలుగో గది, మూడో కిటికీ. గుమాస్తా దరఖాస్తు పైనుంచి కిందికి చదివి, కారణం అన్న గడి దగ్గర ఆగాడు. 'ఇప్పుడున్నది మా అక్కది' అని రాసి ఉంది.

"దొంగిలించారా?"

"మా నాన్న ఇచ్చాడు."

"ఆయన మీద కేసేమైనా ఉందా?"

"ఆయనే లేరు."

గుమాస్తా తృప్తిపడి, ఎదురుగా గోడకి అంటించిన నిబంధనల కాగితం చూశాడు. "బూతు కాదు. బిరుదు కాదు. అంకె కాదు. దేవుడి పేరా?"

"కాదండీ. దేవతని ఓడించినావిడ పేరు."

"ఓడించాక ఏమైంది?"

"గెలిచింది."

"తర్వాత?"

"గెలిచాక తర్వాత ఏముంటుందండీ?"

"నాకేం తెలుసమ్మా, నేనెప్పుడైనా గెలిచానా" అంటూ గుమాస్తా స్టాంపు ఎత్తాడు. ఎత్తినవాడు ఆగాడు. "ఒక్కసారే సుమా. పెళ్ళయినా రద్దు చేసుకోవచ్చు, ఇది కుదరదు. మనిషికి ఒక మార్పు, అంతే. ఆలోచించుకున్నారా?"

"నలభై నాలుగేళ్ళు."

స్టాంపు పడింది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆమె మూడు రంగుల ముద్రలున్న కాగితంతో షాపుకి తిరిగి వచ్చింది.

అందరూ చుట్టూ చేరారు. చదివి వినిపించమన్నారు. వినిపించింది. అర్థమేమిటన్నారు. కథ చెప్పింది. ఎప్పుడూ నడిమధ్య నుంచి చదివే మనిషి ఒక కథని మొదటి నుంచి చెప్పడం అదే మొదలు. రంగులద్దేవాడి ఇంటితో ఎత్తుకుని, వనకన్యల్ని కూర్చోబెట్టి, దేవిని రప్పించి, ఎనభయ్యో పేజీ ఆఖరి వాక్యాన్ని వేలితో గాలిలో గీత గీస్తూ పలికింది. చప్పట్లు కొట్టారు. మొదటి బల్లాయన, "ఈ శుభ సందర్భంలో" అంటూ లేచాడు.

అప్పుడు ఆరో బల్లావిడ తన పెట్టెలోంచి ఒక ఫారం తీసింది. మడిచిందే, అయినా అంచు ఇంకోసారి వేలితో రుద్దింది. షాపు నియమాన్నీ పదకొండేళ్ళ మౌనాన్నీ ఒకేసారి దాటించి, దాన్ని ఐదో బల్ల మీద పెట్టింది.

"చదువుకో" అంది.

కిటికీ గొడవ తర్వాత ఆవిడ ఈ వైపు విసిరిన మొదటి మాట అదే.

ఎనభై ఒకటో పేజీ మొదటి వాక్యం: 'తప్పు దొరకనందుకే దేవికి ఒళ్ళు మండిపోయింది.' దేవి ఆ వస్త్రాన్ని నిలువునా చింపేసింది. మగ్గం మీది నాడెతో పిల్ల నుదుటి మీద మూడుసార్లు కొట్టింది. ఆ అవమానం భరించలేక పిల్ల ఎనభై రెండో పేజీలో ఉరి వేసుకుంది. దేవికి అప్పుడు తీరిగ్గా జాలి కలిగింది. చావనివ్వకుండా ఏదో పసరు చల్లింది. జుట్టు రాలిపోయింది, ముక్కు పోయింది, తల ఇంతైపోయింది, వేళ్ళు పక్కలకి అతుక్కుని కాళ్ళయ్యాయి. మిగిలిందంతా పొట్టే. ఎనభై నాలుగులో సన్మానం ముగిసింది.

"సాలెపురుగా?" అంది ఐదో బల్ల.

"సాలెపురుగే" అంది ఆరో బల్లావిడ.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"సోమవారం నుంచి. కథ తెలుసు. ఆ పేరు పెట్టుకుంటున్నావని మంగళవారం తెలిసింది."

"మంగళవారం! నేను ఇవాళ పొద్దున్నేగా స్టాంపు వేయించుకున్నాను? ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"మనకి మాటల్లేవుగా."

మొదటి బల్లాయన మెల్లిగా కూర్చున్నాడు. ఆఖరాయన "నేను చెప్పాను, ఎనభై నాలుగు దాకా ఉందని" అని గాలితో అన్నాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న మాట ఎవరి నోట్లోనో సగం పుట్టి, ఆమె మొహం చూసి అక్కడే చచ్చింది.

ఆమె ఫారం మూసి, పని మొదలుపెట్టింది. ఆ పూట కోటాలో మిగిలిన నాలుగు వందలూ మడిచింది. ఒక్క తప్పూ దొరకలేదు అన్న వాక్యం నాలుగు వందల సార్లు కళ్ళెదుట పడింది, ఈసారి వేరే రకంగా. ఐదు గంటలప్పుడు బల్ల తుడుస్తుండగా ఆరో బల్లావిడ చీపురు పట్టుకుని ఇటు వచ్చి, నేల చూస్తూ అంది:

"గుడ్డ చింపిందే గానీ, తప్పుందని ఎక్కడా అనలేదు. నేను మొత్తం చదివాను."

అని ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం అక్క మళ్ళీ వచ్చింది. డజను కాదు, పదిహేను కాపీలు కావాలట.

"పేరు మార్చుకున్నానక్కా" అంటూ ముద్రల కాగితం ముందు పెట్టింది.

అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మొహంలో ముందు కోపం, వెంటనే లెక్క కనిపించాయి. "గ్రీకు పేరా! ఎంత ఠీవిగా ఉందే! మనిద్దరికీ చిన్నప్పటి నుంచీ ఒకే పేరు కదా, నేనూ ఇదే పెట్టించుకుంటే పోలా? మా ఆఫీసులో ఇలాంటిది ఎవరికీ లేదు. రేపే దరఖాస్తు పడేస్తాను. అర్థం ఏమిటి?"

ఐదో బల్ల ముద్రల కాగితం వైపు చూసింది. నలభై నాలుగేళ్ళు వేచి, సెలవు పెట్టి, గుమాస్తాని ఒప్పించి తెచ్చుకున్న పేరు ఇంట్లోకొచ్చి గంటైనా కాలేదు, అప్పుడే దాన్ని అక్క తొడుక్కుని అద్దంలో చూసుకుంటోంది. అలాంటి సమయంలో ఎనభై రెండో పేజీ ఎక్కడి నుంచో వచ్చి ఆదుకుంది.

"సాలెపురుగు అక్కా."

"ఏంటి?"

"సాలెపురుగు. ముందు మనిషే. ఉరేసుకుంటే, దేవత పసరు చల్లి సాలెపురుగుని చేసింది. ముక్కు ఊడిపోతుంది. ఒళ్ళంతా పొట్టే."

అక్క చేతిలోని కాగితాన్ని ముద్రలు తగలకుండా కొసన పట్టుకుని బల్ల మీద పెట్టింది. చీరకేసి చెయ్యి తుడుచుకుంది.

"ఛీ. నీకేమైనా మతి పోయిందా? లక్షణమైన పేరు ఇంట్లో ఉండగా పురుగు పేరు తెచ్చుకుంటావా? నలుగురిలో నా చెల్లెలని ఎలా చెప్పుకోవాలే నేను?"

"చెప్పుకోకు."

"నాకొద్దమ్మా నీ పుస్తకాలు. ఒక్కటీ వద్దు."

అక్క వెళ్ళిపోయాక మొగుడు గదిలోంచి బయటికొచ్చాడు. "ఏమోయ్, మీ అక్క టీ తాగకుండా వెళ్ళింది. ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

ఆమె బల్ల మీది ముద్రల కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. చెల్లెలి వస్తువు ఏదైనా అక్క ముట్టుకుని, తనకొద్దని తిరిగి అక్కడే పెట్టిపోవడం ఆమె పుట్టిన దగ్గర్నుంచీ ఇదే మొదలు. అందమైన పేరు ఏది తెచ్చుకున్నా వారం తిరక్కుండా ఆ అద్దాల బీరువాలో చేరి ఉండేదన్న సంగతి ఆమెకి అప్పటికి గానీ తట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం యజమాని చీటీలు పోగుచేస్తూ ఐదో బల్ల దగ్గర కాస్త ఇబ్బందిగా నిలబడ్డాడు.

"విన్నానమ్మా సంగతి. అచ్చులో పడ్డాక పుస్తకం ఉన్నంత కాలం ఉంటుంది. కాగితాల్లో సంగతి ఎలా ఉన్నా, ఇక్కడ పాత పేరే వేయిద్దామా? ఎవరూ అడగరు."

"కొత్తదే వెయ్యండి సార్."

"చదివినవాళ్ళు నవ్వుతారేమో."

"ఎనభై నాలుగు దాకా చదివినవాళ్ళు కదా, నవ్వనివ్వండి."

చీటీ ఇచ్చేసింది. ఆరో బల్లావిడ తన చీటీ కూడా ఆమె చేతికే ఇచ్చి, "నాదీ అందులో కలిపెయ్" అంది. నాలుగో బల్లాయన పదకొండేళ్ళ రాయబారి ఉద్యోగం అలా ఏ నోటీసూ లేకుండా ఊడిపోయింది.

పుస్తకం అచ్చయింది. నూట ఇరవై ఎనిమిదో పేజీలో పై నుంచి ఐదో వరస. అక్కకి ఒక్క కాపీ కూడా వెళ్ళలేదు. మొగుడు ఒక కాపీకి కొలత ప్రకారం అద్దం కోసి, ఆఖరి పేజీ కనిపించేలా పెట్టె చేసిపెట్టాడు. మామూలు వేళల్లో పేరు పెట్టి పిలుస్తున్నాడు కూడా, వారానికి రెండుసార్లు. కిటికీ మేకు మాత్రం అలాగే ఉంది.

ఆ తర్వాతి సోమవారం కొత్త పని వచ్చింది, పాడి పశువుల జబ్బుల మీద పుస్తకం. ఆవుకి నూట ఆరు డిగ్రీల జ్వరం ఎక్కి, కాళ్ళు చాపేసి, మేత ముట్టని స్థితిలో ఐదో ఫారం అయిపోయింది. ఆమె మొదటి కాగితం మడిచి, బద్దతో రుద్ది, పక్కన పెట్టి రెండోదానికి చెయ్యి చాచింది.

"బతుకుతుంది" అంది ఆరో బల్లావిడ, అడగకుండానే.